వాగ్రైన్ కాపరి జోసెఫ్ మోర్

క్రిస్మసు రాత్రి మన సంఘములలో పాడుకొను “శుద్ధరాత్రి” కీర్తన ఆస్ట్రియా దేశములో పుట్టినది. దానిని జర్మను భాషలో రచించిన జోసెఫ్ మోర్ రోమను కతోలిక గురువు. ఆయన సమాధి ఆల్ప్స్ కొండల నడుమ వాగ్రైన్ అను చిన్న ఊరిలో కలదు. కీర్తనను అందరు ఎరుగుదురు గాని, ఆ కాపరిని ఎరిగినవారు కొద్దిమందియే. కావున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మోర్ 1792 డిసెంబరు 11న సాల్జ్‌బర్గ్ నగరములో జన్మించెను. తల్లి అల్లికపనితో జీవించు పేదరాలు, అవివాహిత. సిపాయియైన తండ్రి వారిని విడిచిపోయెను. బాప్తిస్మమునకు జ్ఞానతండ్రిగా పేరిచ్చినవాడు ఆ నగరపు తలారి. మరణశిక్షలు అమలుపరచు అతనిని జనులు దూరముగా నుంచెడివారు. దేవాలయ గాయకుల నాయకుడైన హీర్న్‌లె ఈ బాలుని చేరదీసి చదివించెను. వివాహబంధము లేక పుట్టినవాడగుటచే గురుపట్టమునకు ప్రత్యేకానుమతి పొందవలసివచ్చెను. 1815లో అభిషేకము జరిగెను.

1816లో మరియాఫార్ అను ఊరిలో నుండగా ఆయన ఆరు చరణముల పద్యము వ్రాసెను. నెపోలియను యుద్ధములచే ఆ ప్రాంతము నలిగియుండిన కాలమది. మరుసటి సంవత్సరము ఓబెర్న్‌డార్ఫ్‌లో సహాయ గురువాయెను. అది సాల్జాక్ నదిలో ఉప్పు పడవలు నడుపుకొని బ్రతుకువారి ఊరు. 1818 డిసెంబరు 24న ఆయన కోరగా ఉపాధ్యాయుడు ఫ్రాంజ్ గ్రూబర్ ఆ పద్యమునకు రాగము కూర్చెను. ఆ రాత్రియే ఇద్దరును గిటారుతో దానిని పాడిరి. ఆర్గానును ఎలుకలు కొరికెనను కథ ప్రచారములో నున్నది గాని, దానికి ఆధారము లేదు.

కీర్తన దేశములు దాటెను. కర్తల పేర్లు మరుగుపడెను. 1854లో బెర్లిను రాజాస్థాన గాయకబృందమువారు విచారింపగా, గ్రూబర్ వాస్తవమును వ్రాసి పంపెను. అప్పటికి మోర్ మరణించి ఆరేండ్లు గడచెను.

అయితే మా మనస్సును ఎక్కువగా తాకినది ఆయన వాగ్రైన్ పరిచర్య. 1837 మొదలు మరణము వరకు ఆయన అచ్చటనే యుండెను. పాఠశాల కట్టించుటకు పాటుపడెను, బీదల పిల్లలును చదువుకొనునట్లు ఏర్పాటు చేసెను, వృద్ధులను ఆదరించెను. తండ్రిలేని తనను ఒకరు చదివించిన మేలును ఆయన మరువలేదని తలంచుచున్నాము. 1848 డిసెంబరు 4న, 56వ ఏట, ఊపిరితిత్తుల వ్యాధిచే మరణించునాటికి ఆయనకు ఆస్తి మిగులలేదు. బ్రతికియుండగా గీసిన చిత్తరువు కూడ లేదు. ఆ ఊరి పాఠశాల నేడు ఆయన పేరు ధరించియున్నది.

నూరేండ్ల పండుగలో మనము అనేకుల పేర్లు చదువుదుము. పేరు వ్రాయబడని కాపరులు, ఉపదేశకులు ఇంకెందరో కలరు. రాబోవు క్రిస్మసు రాత్రి ఆ కీర్తన నెత్తుకొనునప్పుడు వారినందరిని తలంచుకొని దేవునికి స్తోత్రము చెల్లించుదము.