రాజమహేంద్రవరం నుండి ఆక్స్‌ఫర్డుకు

మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివే రోజులలో మిషనరీలు హిందూధర్మంపై చేసిన విమర్శలు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి మనస్సును నొప్పించాయి. 1908లో వేదాంతంలోని నీతిధర్మాలపై వారు సిద్ధాంతవ్యాసం వ్రాసింది ఆ వేదనతోనే. 1917 ప్రాంతంలో మన రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో తత్త్వశాస్త్రం బోధించారు.

1929లో ఆక్స్‌ఫర్డులోని మాంచెస్టర్ కళాశాల వారిని మతాల తులనాత్మక అధ్యయనం బోధించుటకు ఆహ్వానించింది. అది క్రైస్తవ మతబోధకులను తీర్చిదిద్దే సంస్థ! 1926లో అక్కడే హిందూ జీవనదృష్టిని గురించి ఉపన్యసించి ఉన్నందున ఊరు క్రొత్త కాదు. కాని ఉపన్యాసాలకు వెళ్ళి రావడం వేరు, శీతకాలంలో కాపురముండడం వేరు. మనం ధనుర్మాసంలో తిరుప్పావై పఠించే దినాలలో అక్కడ సాయంత్రం నాలుగింటికే ప్రొద్దు గ్రుంకుతుంది. అంతటి చలిదేశంలోనూ వారు శాకాహారం విడువలేదు, తెల్లని తలపాగా తీయలేదు. నాడు తమను బాధించిన విమర్శలకు సమాధానం ఆ పీఠం నుండే, ఆగ్రహం లేకుండా చెప్పగలిగారు.

1936లో ఆ విశ్వవిద్యాలయమే వారికి స్పాల్డింగ్ ఆచార్యపదవి నిచ్చింది. 1952 వరకు అందులో ఉన్నారు. ఆ నడుమనే, 1948లో, వారి ఆంగ్ల భగవద్గీత వెలువడింది. దాని పీఠికలో శంకరులతోపాటు మన భగవద్రామానుజుల వ్యాఖ్యానాన్నీ పరామర్శించారు.