మల్కిభరాముడు

గోలకొండ కోట బంజారా దర్వాజాను దాటి కొంత దూరము పోయినచో తోటల నడుమ పెక్కు గుమ్మటములు కానవచ్చును. అవి కుతుబ్‌షాహీ వంశీయుల సమాధులు. వానిలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా సమాధి యొకటి. మన తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచినది ఈ ప్రభువునే. ఆ కట్టడపు దక్షిణపు గోడను శ్రద్ధగా చూచినవారికి సున్నపు పూతపై అంటియున్న పింగాణి పలకల తునుకలు కొన్ని కనబడును. నేను ఉపాధ్యాయుడనై యుండగా ఒకమారు బాలురను అచ్చటికి కొనిపోయితిని. అందరును పెద్ద గుమ్మటముల వైపు పరుగెత్తిరి. ఈ తునుకల చెంత ఆగినవారు ఇద్దరో ముగ్గురో!

ఇబ్రహీం గోలకొండ రాజ్యస్థాపకుడగు సుల్తాన్ కులీకి కడపటి కుమారుడు. వారి పూర్వులు పారసీక దేశమందలి హమదాను ప్రాంతమువారు. 1543లో వృద్ధుడైన సుల్తాన్ కులీ ప్రార్థన చేయుచుండగా హంతకుని కత్తికి బలియయ్యెను. హత్య చేయించినవాడు కన్నకుమారుడు జంషీదే. జంషీదు తన యన్న కన్నులు తీయించి సింహాసనము నధిష్ఠించెను. అప్పుడు దేవరకొండ దుర్గమున నున్న ఇబ్రహీం తనకును ముప్పు తప్పదని గ్రహించి మొదట బీదరునకు పారిపోయెను. ఆ నగరమున మహమ్మదు గవాను 1472లో కట్టించిన విద్యాలయము రంగురంగుల పింగాణి పలకలతో మెరయుచుండెను. ప్రాణభీతితో తిరుగు ఆ యువకుడు దానిని తలయెత్తి చూచెనో లేదో! బీదరులోను నిలువనీడ దొరకక అతడు విజయనగరము చేరెను.

అచట అళియ రామరాయలు అతనిని ఆదరించెను. ఏడు సంవత్సరములు ఇబ్రహీం ఆ రాయల యన్నము తిని, ఆ కొలువులో తెలుగు మాటలు వినుచు పెరిగెను. 1550లో జంషీదు వ్యాధిచే మరణింపగా, పసివాడైన సుభాను రాజయ్యెను. కోటలలోని తెలుగు నాయకవాడులు పలువురు ఇబ్రహీం పక్షము వహించిరి. వారు చేసిన ప్రమాణమును తెలుపు తెలుగు శాసనము కోయిలకొండలో కలదు. ఆ యేడే అతడు గోలకొండకు ప్రభువయ్యెను.

అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును అతనికి అంకితమిచ్చెను. కందుకూరి రుద్రకవి అతని వలన చింతలపాలెమను గ్రామమును పొందెను. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెలుగున రచించిన యయాతి చరిత్రను కృతినందిన అమీనుఖానుడు ఈ ప్రభువు కొలువువాడే. హుస్సేను సాగరము, మూసీపై 1578 నాటి పురానాపూలు, గోలకొండ చుట్టును రాతిప్రాకారము అతని కాలపు పనులు.

ఇక చెప్పుటకు మనసొప్పని మాట యొకటి కలదు. 1565 జనవరిలో దక్కను సుల్తానులు ఏకమై విజయనగరముపై దండెత్తిరి. ఇబ్రహీమును వారిలో నొకడు. రామరాయలు తన కోటలను కొన్నింటిని లాగికొనెనని అతనికి కోపము. అది నిజమే. కాని ఆపదలో తలదాచుకొన్న యింటిపైకి కత్తి దూయుట యనునది ఎంత రాజనీతి చెప్పినను నాకు సమ్మతము కాదు. యుద్ధమున రామరాయల తల తెగెను, మహానగరము పాడుపడెను.

1580లో ఇబ్రహీం మరణించెను. అతని సమాధి ఎత్తయిన వేదికపై చతురస్రముగా నిర్మితమై, నాలుగు వైపులను కమానులతో, నడినెత్తిన గుమ్మటముతో నొప్పును. లోపలి గదిలో రెండు గోరీలు, వెలుపలి వేదికపై పదునారు గోరీలు కలవు. గోడలు నల్లసేనపు రాతివి, పైన గచ్చుపూత. ఈ రాయి ఎంత చెక్కినను బూడిదవన్నె వీడదు. రంగు కావలెనన్న పింగాణి పలకలే శరణ్యము.

ఈ పలకల తయారీ యెట్లనగా, మట్టి బిళ్లలను కాల్చి, వానిపై గాజుపొడి కలిపిన పూత పూసి, మరల ఆవములో కాల్తురు. వేడికి పూత కరగి గాజువలె నిలుచును. పూతలో రాగి కలిపినచో ఆకుపచ్చయో లేతనీలమో, కోబాల్టు కలిపినచో ముదురు నీలమో వచ్చును. ఎండకు వెలిసిపోవు రంగులు కావవి. అయినను పలకకును గచ్చునకును నడుమ వాననీరు చేరినచో పట్టు సడలి పలక ఊడిపడును. ఈ సమాధి పలకలలో నేడు మిగిలినవి కొన్నియే. అతని కుమారుడు మహమ్మదు కులీ హైదరాబాదున కట్టించిన బాద్‌షాహీ ఆషూరుఖానా గోడలపై మాత్రము ఇట్టి పని నేటికిని కన్నులపండువుగా నున్నది. 2013 నుండి ఈ సమాధులకు పెద్దయెత్తున మరమ్మతులు జరిగినవి.

ఇబ్రహీం సమాధి చెంతనే ఆ తోటలో తండ్రి సుల్తాన్ కులీ సమాధియు, అన్న జంషీదు సమాధియు ఉన్నవి. ఆ రెండింటి మధ్య బాలుడు సుభానుది కలదు. జంషీదు సమాధి మాత్రము అష్టకోణాకృతిగా రెండంతస్తులతో వేరుగా నిలిచియున్నది. దానిలో శాసనమేదియు లేదు.