వెక్కిరింతలకు పాటతోనే జవాబు

లావుగా ఉందని, మొహం నిండా మొటిమలని బడిలో పిల్లలు ఏడిపించేవారు. కాలేజీకెళ్తే ఇంకా ఘోరం... అనాకారి మగాడి పోటీకి ఆమె పేరెక్కించారు! ఆ అమ్మాయే జానిస్ జాప్లిన్.

1943లో అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని పోర్ట్ ఆర్థర్‌లో పుట్టింది. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి 'బిగ్ బ్రదర్' రాక్ బృందంలో చేరింది. మరుసటేడు మాంటెరీ సంగీతోత్సవంలో ఆమె పాట విన్నవాళ్లు నోరెళ్లబెట్టారు. 1968లో వాళ్ల 'చీప్ థ్రిల్స్' రికార్డు అమెరికాలో మొదటి స్థానం కొట్టేసింది. ఆ ఏడాది చివర్లోనే బృందాన్ని వదిలి, సొంతంగా పాడటం మొదలెట్టింది.

పేరొచ్చినా మత్తు మాత్రం వదల్లేదు. 1970 అక్టోబర్ 4న, హెరాయిన్ మోతాదు మించి 27 ఏళ్లకే కన్నుమూసింది. దానికి రెండు నెలల ముందే ఓ మంచి పని చేసింది. తను ఎంతో అభిమానించే నల్లజాతి గాయని బెస్సీ స్మిత్ సమాధికి 33 ఏళ్లుగా రాయి లేదని తెలిసి, ఖర్చులో వాటా ఇచ్చి వేయించింది.

జానిస్‌కు మాత్రం సమాధే లేదు. చితాభస్మం పసిఫిక్ సముద్రంలో కలిపేశారు. బృందంతో పాడినవీ, విడిగా పాడినవీ కలిపి 10 పాటలతో 1973లో 'గ్రేటెస్ట్ హిట్స్' రికార్డు తెచ్చారు. పట్టుమని నాలుగేళ్ల పాట! ఆమె గుర్తుగా మిగిలింది అదే.