అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ – కళ్ళారా చూసి వ్రాసిన హకీం

మన సావనీరులో ఎవరైనా ఒక మహనీయుని జీవితం వ్రాయడం ఆనవాయితీగా వస్తున్నది. ఈసారి ఆ పని కార్యవర్గంవారు నాకు అప్పగించారు. నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నా తెలుగులో తప్పులుంటే మన్నించవలసిందిగా ప్రార్థన.

ముందుగా నా సంగతి ఒకటి చెప్పాలి. ఒకరోజు ఎనిమిదో తరగతిలో శరీరం గురించి పాఠం చెబుతూ, మనిషి వెన్నెముకలో 33 పూసలు ఉంటాయని నల్లబల్ల మీద వ్రాశాను. వెనక బెంచీలో ఒక కుర్రవాడు లేచి, వాళ్ళ ఆపా చదివే పుస్తకంలో 26 ఎముకలని ఉందని అన్నాడు. నాకు కోపం వచ్చింది. పుస్తకంలో 33 అని ఉంటే మధ్యలో నీ 26 ఏమిటని గద్దించి కూర్చోబెట్టాను. ఆ పిల్లవాడు మళ్ళీ నోరెత్తలేదు. సాయంత్రం ఇంటికొచ్చి నాలుగు పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, రెండు లెక్కలూ నిజమేనని. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. అప్పుడే అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ గుర్తుకు వచ్చాడు. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం అదే వెన్నెముక అడుగు ఎముక దగ్గర ఆయనకూ ఇటువంటి చిక్కే ఎదురైంది. ఐతే ఆయన నాలాగా గద్దించలేదు.

అబ్దుల్ లతీఫ్ 1162లో బగ్దాదులో పుట్టాడు. ఇంట్లో చదువుల వాతావరణం. చిన్ననాటినుంచే హదీసు పెద్దల దగ్గర కూర్చోబెట్టారు. వ్యాకరణం నేర్చుకోమని ఆ కాలంలో పేరుమోసిన కమాలుద్దీన్ అన్బారీ దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆ పెద్దాయన చెప్పింది పిల్లవాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. చిన్నపిల్లలకు చెప్పడం తన వల్ల కాదని ఆయన, తన శిష్యుడు వజీహ్ వాసితీ దగ్గరికి పంపించాడు. ఈ వజీహ్ కళ్ళు లేనివాడు. కాని ఓపికగా, విడమరచి చెప్పేవాడు. పిల్లవాడు ఆయన వెంటే తిరుగుతూ, విన్న పాఠాన్ని దారిలో వల్లెవేస్తూ, కొద్దికాలంలోనే మంచి చదువరి అయినాడు. కళ్ళున్నవాళ్ళు చూడనిది చూసిన మనిషికి మొదటి దారి చూపింది ఒక అంధ ఉస్తాదు. ఉపాధ్యాయుడిగా నాకు ఈ సంగతి ఎంతో ఇష్టం.

సుమారు 28 ఏళ్ళ వయసులో ఆయన బగ్దాదు విడిచి విద్య కోసం బయలుదేరాడు. మోసుల్, దమిష్క్ చూశాడు. అక్కా దగ్గర సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ శిబిరానికి వెళ్ళి, అక్కడి విద్వాంసులను కలుసుకున్నాడు. అక్కడినుంచి కైరో వెళ్ళి, యూదుల గొప్ప హకీం మూసా బిన్ మైమూన్ వంటివారితో పరిచయం చేసుకున్నాడు. తర్వాత బైతుల్ ముఖద్దస్‌లో సుల్తాన్ దర్శనం దొరికింది. నెలకు 30 దీనార్లు భత్యం ఏర్పాటయింది. 1193లో సుల్తాన్ చనిపోయిన తర్వాత ఆయన కొడుకుల ఆదరణ లభించింది. మళ్ళీ కైరో చేరి జామె అజ్హర్‌లో పాఠాలు మొదలుపెట్టాడు. పొద్దున అజ్హర్‌లో పాఠం, మధ్యాహ్నం వైద్యం నేర్చుకునేవారికి పాఠం, సాయంత్రం మళ్ళీ అజ్హర్‌లో ఇంకొకరికి పాఠం. రాత్రి మాత్రం తన సొంత చదువు.

ఇట్లా ఉండగా 1200లో నైలు నది పొంగలేదు. పంటలు బాగా పండాలంటే పదహారు మూరలు రావలసిన నీరు ఆ ఏడు పదమూడు మూరలైనా రాలేదు. పొలాలు ఎండిపోయాయి. 1202 దాకా మిస్రు దేశం కరువుతో, రోగాలతో అల్లాడింది. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆకలి మనుషులచేత ఎటువంటి పనులు చేయించిందో ఆయన తన గ్రంథంలో దాచకుండా వ్రాశాడు. కుటుంబాలు చదివే ఈ పుటల్లో వాటిని వ్రాయడానికి నాకు చెయ్యి రాదు. చచ్చినవారికి కఫను లేదు, గోరీ తవ్వేవాడు లేడు. కైరో దగ్గర మఖ్స్ అనే చోట శవాలు గుట్టలుగా పడి, మాంసం కరిగి, ఎముకలు తేలాయి.

ఆ రోజుల్లో ఆయన శిష్యులు జాలీనూస్ వ్రాసిన శరీర నిర్మాణ గ్రంథం చదువుతున్నారు. జాలీనూస్ అంటే రెండో శతాబ్దపు యూనానీ హకీం. వెయ్యేళ్ళుగా ఆయన మాటే వేదవాక్కు. పుస్తకంలో చదివితే ఎముకల అమరిక పిల్లలకు బుర్రకెక్కడం లేదు. ఎవరో మఖ్స్ గుట్ట సంగతి చెప్పారు. ఉస్తాదూ శిష్యులూ కలిసి అక్కడికి వెళ్ళారు. ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆయన ఎవరి శరీరాన్నీ కోయలేదు. కరువు బయటపడేసిన ఎముకలను కళ్ళతో చూశాడు, చేతితో పట్టుకొని చూశాడు, అంతే.

మొదట కింది దవడ. అది రెండు ఎముకలని, గడ్డం దగ్గర అతుకు ఉంటుందని జాలీనూస్ వ్రాశాడు. అబ్దుల్ లతీఫ్ చూస్తే ఎక్కడా అతుకు లేదు. ఒకటి రెండు పుర్రెలతో సరిపెట్టుకోలేదు. తానూ, ఇతరులూ కలిసి రెండు వేలకు పైగా పుర్రెలు చూశారు. అన్నిట్లోనూ దవడ ఒకటే ఎముక. అంతటితో ఆగక బూసీర్ దగ్గరి పాత సమాధుల్లోని ఎముకలనూ చూశాడు. అక్కడా అంతే. జాలీనూస్ ఎక్కువగా జంతువులను కోసి చూసినవాడు. పశువుల్లో, కుక్కల్లో ఈ దవడ రెండు ముక్కలుగా ఉంటుంది. మనిషిలో పుట్టినప్పుడు రెండుగా ఉండి, మొదటి ఏడాదిలోనే కలిసిపోతుంది. ఎంత పెద్ద హకీం మాటైనా, కళ్ళు చెప్పే సాక్ష్యం అంతకంటే గట్టిదని అబ్దుల్ లతీఫ్ నిర్ణయించుకున్నాడు.

ఇక మా వెన్నెముక సంగతికి వస్తాను. మెడలో 7 పూసలు, వీపులో పక్కటెముకలు తగిలే 12 పూసలు, నడుములో 5 పూసలు. ఈ 24 పూసలూ విడివిడిగా కదులుతాయి. వాటి కింద త్రికం అనే ఎముక ఉంది. అరబ్బీలో దాన్ని అజుజ్ అంటారు. దాని కొసన చిన్న తోక ఎముక. పైశరీరం బరువంతా ఈ త్రికం మీదికి దిగి, తుంటి ఎముకల ద్వారా కాళ్ళలోకి పోతుంది. వీపును నిటారుగా నిలిపే పొడవైన కండరాలు ఈ త్రికం వెనక భాగంనుంచే మొదలై, వెన్నుకు రెండు పక్కలా మోకుల్లాగా మెడదాకా పోతాయి. షామియానా గుంజకు తాళ్ళు కట్టినట్లన్నమాట. వాటి మీద నడుమునుంచి చేతిదాకా పోయే వెడల్పాటి కండరం ఒకటి, మెడనుంచి భుజాలమీదుగా పరుచుకున్న కండరం ఒకటి. మఖ్స్ గుట్టలో ఈ కండరాలన్నీ కరిగిపోయాయి. ఆయనకు మిగిలింది ఎముకే.

త్రికమూ తోక ఎముకా కలిపి ఆరు ముక్కలని జాలీనూస్ లెక్క. అబ్దుల్ లతీఫ్ చేతికి వచ్చినది మాత్రం ఒకటే ఎముకగా కనిపించింది. ఎటు తిప్పి చూసినా ఒకటే. దవడ విషయంలో గెలిచినవాడు ఇంకొకడైతే, ఇదిగో ఇక్కడా జాలీనూస్ తప్పాడని వెంటనే వ్రాసి పడేసేవాడు. ఆయన మరొక శవంలో చూశాడు. అక్కడ జాలీనూస్ చెప్పినట్లే ఆరు! మిగతావాటిలోనూ అంతే. రెండింటిలో మాత్రమే ఒకే ఎముక. ఈ సంగతంతా ఉన్నదున్నట్లు గ్రంథంలో పెట్టి, దవడ విషయంలో తనకున్న నమ్మకం ఈ ఎముక విషయంలో లేదని ఒప్పుకున్నాడు.

కారణం ఈనాటి శాస్త్రం చెబుతుంది. త్రికం చిన్నప్పుడు 5 వేరు వేరు పూసలు. యౌవనంలో అవి అతుక్కోవడం మొదలై, ఇరవై అయిదేళ్ళు వచ్చేసరికి దాదాపు ఒకే ఎముక అవుతుంది. తోక ఎముకలో సాధారణంగా 4 చిన్న పూసలు. ముసలితనంలో కొందరికి అది కూడా త్రికానికి అతుక్కుపోతుంది. జాలీనూస్ చెప్పిన ఆరు ఈనాటి లెక్కకు సరిపోదు గాని, ఒక మనిషిలో విడిగా, మరొకరిలో ఒకటిగా కనబడడం మాత్రం నిజమే. నా తరగతి లెక్క కూడా ఇదే. పూసలన్నీ విడిగా లెక్కపెడితే 33. పెద్దవారిలో త్రికం ఒకటి, తోక ఎముక ఒకటి అనుకుంటే 26.

ఈ సంగతులన్నీ ఉన్న గ్రంథాన్ని ఆయన 1204 నాటికి పూర్తి చేశాడు. మిస్రు చెట్లు, జంతువులు, పిరమిడ్లు, కరువు, అన్నీ అందులో ఉన్నాయి. మొత్తం మీద వందకు పైగా రచనలు చేశాడంటారు, చాలా భాగం మనకు దక్కలేదు. ఈ గ్రంథం ఆయన స్వహస్తాలతో వ్రాసిన ప్రతి పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు చేరి ఆక్స్‌ఫర్డులో భద్రమైంది. 1800లో లాటిన్‌లోకి, 1810లో ఫ్రెంచిలోకి అనువాదమైంది. కింది దవడ ఒకటే ఎముకని ఐరోపాలో వెసాలియస్ వ్రాసి ప్రకటించింది 1543లో. అంటే ఈయన తర్వాత మూడు వందల ఏళ్ళకు పైనే.

మిస్రు వదిలిన తర్వాత దమిష్క్, హలబ్, అనటోలియా దేశాలు తిరుగుతూ, వైద్యం చేస్తూ, పాఠాలు చెబుతూ గడిపాడు. చివరికి హజ్జుకు బయలుదేరి, దారిలో ఖలీఫాకు తన గ్రంథాలు సమర్పించాలని బగ్దాదు వచ్చాడు. నలభై ఏళ్ళకు పైగా విడిచిన ఊరు. అక్కడే జబ్బుపడి 1231లో కన్నుమూశాడు. తండ్రి గోరీ పక్కనే ఆయన్నూ ఖననం చేశారు. హజ్జు చేరలేకపోయాడు.

నేను మరునాడు తరగతికి వెళ్ళి, ఆ కుర్రవాణ్ణి నిలబెట్టి, నిన్న నువ్వు చెప్పింది సరే, నేను గద్దించింది తప్పు అని అందరి ముందూ చెప్పాను. చెప్పేటప్పుడు నోరు తడబడింది. పిల్లలు నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. ఆ తర్వాతనుంచి తరగతిలో ప్రశ్నలు ఎక్కువయ్యాయి. కొన్నిటికి నాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పి, కలిసి వెతుకుతున్నాం.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ పిల్లలు పుస్తకంలో ఉన్నదానికి వేరుగా ఏమైనా అడిగితే నోరు మూయించకండి. వాడు తప్పయితే చూపించండి. మనం తప్పయితే ఒప్పుకుందాం. మూటలు మోసే అన్నలకు, బకెట్లు ఎత్తే అక్కలకు ఇంకొక మాట. బరువు ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్ళు వంచి, మూటను ఒంటికి దగ్గరగా పట్టుకొని లేవండి. ఆ అడుగు ఎముక మీద, దాన్ని పట్టుకున్న కండరాల మీద భారం తగ్గుతుంది.

అబ్దుల్ లతీఫ్ సమాధి మీద అల్లాహ్ రహమత్ కురియుగాక. ఆమీన్.