వంగిన అణువు... వంగని ప్రొఫెసర్!

ఆరు కార్బన్ల ఒక చిన్న వలయం అసలు ఆకారం ఏంటో తేల్చడానికి పదేళ్లకు పైగా పట్టింది. తేలిన జవాబును ప్రపంచం చదివే భాషలో రాయడానికి మనసొప్పలేదు. అది అచ్చయిన ఏడాదే అరెస్టు. ఆ పనికే 26 ఏళ్ల తర్వాత నోబెల్. నార్వే రసాయన శాస్త్రవేత్త ఒడ్ హాసెల్ కథ ఇది.

ఎమ్మెస్సీ ఎంట్రన్స్ రాసినా, సీఎస్ఐఆర్ నెట్ రాసినా ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఒక బొమ్మ తప్పకుండా ఎదురవుతుంది. వాల్చిన పడక కుర్చీలా ఉండే ఆరు గీతల బొమ్మ. సైక్లోహెక్సేన్ చెయిర్ రూపం. దానికో క్లోరిన్ తగిలించి, ఇది ఆక్సియలా, ఈక్వటోరియలా, ఏది స్థిరమైనది అని అడుగుతారు. మనం రెండు ట్రిక్కులు గుర్తుపెట్టుకుని, టిక్కు పెట్టేసి ముందుకెళ్లిపోతాం. ఆ బొమ్మ ఊహ కాదని, నిజంగానే అణువు అలా ఉంటుందని కొలిచి చూపించిన మనిషి ఎవరో మాత్రం చాలామందికి తెలియదు.

తండ్రి లేని బాల్యం

హాసెల్ 1897 మే 17న నార్వే రాజధానిలో కవలల్లో ఒకరిగా పుట్టారు. ఇప్పటి ఓస్లోను అప్పట్లో క్రిస్టియానియా అనేవారు. తండ్రి స్త్రీల వైద్య నిపుణుడు. హాసెల్‌కు ఎనిమిదేళ్లప్పుడే ఆయన చనిపోయారు. పిల్లలందరి బాధ్యతా తల్లి మీద పడింది. 1915లో యూనివర్సిటీలో చేరిన హాసెల్ లెక్కలు, భౌతిక శాస్త్రం చదువుతూనే రసాయన శాస్త్రాన్ని ప్రధాన సబ్జెక్టుగా తీసుకుని 1920లో డిగ్రీ పూర్తిచేశారు.

ఆ రోజుల్లో కెమిస్ట్రీలో పైచదువులంటే జర్మనీయే. హాసెల్ కూడా మ్యూనిక్ వెళ్లి కాసిమిర్ ఫాజాన్స్ దగ్గర చేరారు. బీఎస్సీ ల్యాబ్‌లో క్లోరైడ్‌ను సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేషన్ చేస్తూ రంగు మారే క్షణం కోసం ఎదురుచూసింది గుర్తుందా? అందులో వాడే అధిశోషణ సూచికలు ఫాజాన్స్, హాసెల్ కలిసి చేసిన పనిలోంచి వచ్చినవే. పేరు మాత్రం ఫాజాన్స్ పద్ధతిగా నిలిచిపోయింది.

తర్వాత బెర్లిన్. అక్కడి కైజర్ విల్‌హెల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎక్స్‌రేలతో స్ఫటికాల లోపలి అమరికను కనిపెట్టే విద్య నేర్చుకున్నారు. 1924లో బెర్లిన్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ అందుకున్నారు. మరుసటి ఏడాదే సొంతూరి యూనివర్సిటీలో ఉద్యోగం. 1934లో ఫిజికల్ కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయ్యారు.

తేలకుండా ఉండిపోయిన ప్రశ్న

1930 ప్రాంతంలో హాసెల్ ఎంచుకున్న సమస్య పైకి చాలా చిన్నది. సైక్లోహెక్సేన్ ఆకారం ఏంటి?

దీని వెనుక పాత గొడవ ఒకటుంది. కార్బన్ వలయాలన్నీ పీటలా చదునుగా ఉంటాయని 1885లో జర్మన్ శాస్త్రవేత్త బేయర్ ప్రతిపాదించారు. కార్బన్ బంధాల మధ్య సహజంగా ఉండే కోణం సుమారు 109.5 డిగ్రీలు. చదునైన షడ్భుజిలో మాత్రం అది 120 డిగ్రీలు అవుతుంది. అంటే ఆ వలయం కాస్త బిగుసుకుపోయి ఉండాలి. 1890లో హెర్మన్ సాక్సే అనే యువకుడు దీనికి అడ్డుచెప్పాడు. వలయం చదునుగా ఉండక్కర్లేదు, కుర్చీలాగో పడవలాగో వంగితే ఏ బిగింపూ ఉండదని లెక్కలతో చూపించాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మూడేళ్లకే అతను చనిపోయాడు. 1918లో ఎర్నెస్ట్ మోర్ ఆ ఆలోచనను మళ్లీ పైకి తెచ్చినా, కళ్లకు కట్టే సాక్ష్యం లేదు. కాగితం మీద లెక్క ఉంది, కొలత లేదు.

హాసెల్ దగ్గర ఉన్నదల్లా కొలిచే విద్యే. దాన్నే ఈ ప్రశ్న మీద పెట్టారు.

క్లోరిన్, బ్రోమిన్ దేనికి?

ఎక్స్‌రేలను చెదరగొట్టేది ఎలక్ట్రాన్లు. హైడ్రోజన్‌లో ఉన్నది ఒకే ఒక్క ఎలక్ట్రాన్, కాబట్టి అది దాదాపు కనిపించదు. క్లోరిన్‌లో 17, బ్రోమిన్‌లో 35, అయొడిన్‌లో 53. చీకట్లో నడిచే మనిషి చేతికి లాంతరు ఇచ్చినట్టు, వలయానికి ఒకటి రెండు హాలోజన్లు తగిలిస్తే అవి ఎక్కడున్నాయో స్పష్టంగా తెలుస్తుంది. వాటి స్థానం తెలిస్తే అవి వేలాడుతున్న వలయం ఎలా వంగిందో పట్టుకోవచ్చు. అందుకే ఆయన పనిలో హాలోజన్లు చేరిన సైక్లోహెక్సేన్లకు అంత చోటు దక్కింది.

ద్విధ్రువ భ్రామకం కొలవడం ఇంకో దారి. వలయానికి ఎదురెదురు మూలల్లో రెండు క్లోరిన్లు ఉన్నాయనుకోండి. ట్రాన్స్ రకంలో, వలయం కుర్చీ ఆకారంలో ఉంటే రెండు కార్బన్-క్లోరిన్ బంధాలూ సరిగ్గా వ్యతిరేక దిశల్లోకి తిరుగుతాయి. ఒకదాని లాగుడును మరొకటి రద్దుచేస్తుంది, మొత్తం విలువ సున్నా. పడవ ఆకారమైతే అలా రద్దు కాదు. ఒక్క అంకెలో ఆకారం గుట్టు దాగి ఉందన్నమాట.

అయినా ఒక సందేహం మిగిలింది. స్ఫటికంలో అణువులు రద్దీ బస్సులో జనంలా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఆ ఒత్తిడికే అలా వంగాయేమో? ఇది తేలాలంటే అణువును ఒంటరిగా, వాయు రూపంలో చూడాలి. దానికి 1938 నుంచి హాసెల్ ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్ మొదలుపెట్టారు. వాయువు గుండా ఎలక్ట్రాన్ పుంజాన్ని పంపితే ఫొటో ప్లేటు మీద మసక వలయాలు పడతాయి. వాటి మధ్య దూరాల నుంచి పరమాణువుల మధ్య దూరాలు రాబట్టాలి. ఈనాటి కంప్యూటర్లు లేవు. ఒక నమూనా ఊహించడం, లెక్క కట్టడం, ప్లేటుతో పోల్చడం, కుదరకపోతే మళ్లీ మొదటికి రావడం. అంతే.

జవాబు స్పష్టంగా వచ్చింది. మామూలు పరిస్థితుల్లో సైక్లోహెక్సేన్ కుర్చీ ఆకారంలోనే ఉంటుంది. దాని మీద రెండు రకాల స్థానాలున్నాయి. కొన్ని బంధాలు నిటారుగా నిలబడి ఉంటాయి, కొన్ని పక్కకు వాలి ఉంటాయి. హాసెల్ వాటికి నిలబడినవి, పడుకున్నవి అనే అర్థం వచ్చే గ్రీకు మాటల నుంచే గుర్తులు పెట్టారు. మనం ఇప్పుడు వాడే ఆక్సియల్, ఈక్వటోరియల్ పేర్లు 1953లో హాసెల్, బార్టన్, పిట్జర్, ప్రెలాగ్ కలిసి ఖరారు చేసినవి. వలయం ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి తిరగబడినప్పుడు నిలబడినవి పడుకుంటాయి, పడుకున్నవి లేస్తాయి. గది ఉష్ణోగ్రత దగ్గర ఇది సెకనుకు లక్ష సార్ల స్థాయిలో జరుగుతుంది. క్లోరిన్ లాంటి పెద్ద పరమాణువుకు మాత్రం పడుకునే చోటంటేనే ఎక్కువ ఇష్టం. నిలబడితే పక్కనున్న హైడ్రోజన్లతో ఇరుకు మరి.

ఏ భాషలో రాయాలి?

ఇక్కడే కథ ల్యాబ్ దాటి బయటికొస్తుంది. 1940 ఏప్రిల్ 9న జర్మనీ సేనలు నార్వేలో దిగాయి. హాసెల్‌కు విద్య నేర్పింది జర్మనీ, డాక్టరేట్ ఇచ్చింది జర్మనీ. అప్పటిదాకా ఆయన పేపర్లు ఎక్కువగా వచ్చిందీ జర్మన్ పత్రికల్లోనే. అక్కడికి పంపితే ప్రపంచమంతా చదువుతుంది. కానీ దేశాన్ని ఆక్రమించిన వాళ్ల పత్రికల్లో రాయకూడదని ఆయన నిర్ణయించుకున్నారు.

ఫలితంగా సైక్లోహెక్సేన్ సమస్య మీద ఆయన రాసిన ముఖ్యమైన వ్యాసం 1943లో నార్వేలోని ఒక కెమిస్ట్రీ, గనుల, లోహశాస్త్ర పత్రికలో, నార్వేజియన్ భాషలో వచ్చింది. ఆ పత్రిక దేశం దాటి వెళ్లేది తక్కువ, ఆ భాష చదవగలిగేవాళ్లు ఇంకా తక్కువ. పదేళ్ల కష్టానికి గుర్తింపు దక్కకుండా పోయే ప్రమాదం ఉందని ఆయనకు తెలియకుండా ఉండదు. పేపర్ ఎక్కడ వచ్చిందన్న దాన్ని బట్టే మనిషికి విలువ కట్టే వృత్తిలో ఉండి తీసుకున్న నిర్ణయం అది.

అదే ఏడాది అక్టోబర్‌లో, జర్మన్ల కింద పనిచేస్తున్న నార్వే నాజీలు ఆయన్ను అరెస్టు చేశారు. ఓస్లో దగ్గర్లోని గ్రీనీ నిర్బంధ శిబిరంలో పెట్టారు. బయటికొచ్చింది 1944 నవంబర్‌లో. ఆ శిబిరంలోనే అదే యూనివర్సిటీకి చెందిన ఆర్థికవేత్త రాగ్నర్ ఫ్రిష్ కూడా బందీగా ఉన్నారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

నాలుగు పేజీల మలుపు

యుద్ధం ముగిశాక హాసెల్ మళ్లీ ల్యాబ్‌లో కూర్చున్నారు. 1947లో నార్డిక్ దేశాలు కలిసి ఆక్టా కెమికా స్కాండినేవికా అనే పత్రిక మొదలుపెడితే, నార్వే తరఫున దానికి సంపాదకులయ్యారు. ఓస్లో బృందం పరిశోధనలు ఇంగ్లిష్‌లో బయటి ప్రపంచానికి చేరడం మొదలైంది.

ఆ పని విలువను అందరికన్నా బాగా పట్టుకున్నది డెరెక్ బార్టన్ అనే బ్రిటిష్ యువ శాస్త్రవేత్త. స్టెరాయిడ్లలో ఇలాంటి ఆరు కార్బన్ల వలయాలు అతుక్కుని ఉంటాయి. ఒకే రకం గుంపు ఒకచోట చురుగ్గా, ఇంకోచోట మందంగా ఎందుకు చర్య జరుపుతుందో అప్పటికి అంతుచిక్కలేదు. అది నిలబడి ఉందా, పడుకుని ఉందా అన్నదాంట్లోనే జవాబుందని బార్టన్ 1950లో నాలుగు పేజీల వ్యాసంలో చెప్పారు. కర్బన రసాయన శాస్త్రం చదివే తీరే మారిపోయింది.

1969 కెమిస్ట్రీ నోబెల్‌ను హాసెల్, బార్టన్ పంచుకున్నారు. అప్పటికి హాసెల్ వయసు 72. అర్థశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ పురస్కారం ఇచ్చింది కూడా ఆ ఏడాదే. దాన్ని అందుకున్న ఇద్దరిలో ఒకరు రాగ్నర్ ఫ్రిష్! గ్రీనీ శిబిరంలో బందీలుగా ఉన్న ఇద్దరు ఒకే ఏడాది నోబెల్ విజేతలయ్యారు. 1943 నాటి నార్వేజియన్ వ్యాసం 1971లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది.

గమాక్సిన్ పొడి కథ

ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చీమల మందు అనగానే గమాక్సిన్ పొడి అంటారు. రైతులకు అది బీహెచ్‌సీ. ఆ పొడిలో ఉండేది ఆరు కార్బన్ల వలయమే, ప్రతి కార్బన్‌కూ ఒక క్లోరిన్. క్లోరిన్లు ఎటు తిరిగాయన్న దాన్నిబట్టి దానికి ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్ అని రకాలున్నాయి. హాసెల్ బృందం యుద్ధం తర్వాత వీటి ఆకారాలనూ ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్‌తో పరిశీలించింది.

ఐదింటికీ ఫార్ములా ఒకటే. కానీ పురుగుల్ని గట్టిగా చంపేది గామా ఒక్కటే. అందులో మూడు క్లోరిన్లు నిలబడి, మూడు పడుకుని ఉంటాయి. మామూలు బీహెచ్‌సీలో దాని వాటా 10 నుంచి 15 శాతమే. బీటాలో ఆరూ పడుకునే ఉంటాయి. అది గట్టి పిండం. మట్టిలోనూ, ఒంట్లోని కొవ్వులోనూ అన్నిటికన్నా ఎక్కువ కాలం మిగిలిపోయేది అదే. పొలంలో చల్లిన పొడిలో ఎక్కువ భాగం పురుగుకు పనికిరాలేదు, మట్టిలో మాత్రం ఉండిపోయింది. మన దేశం 1997లో బీహెచ్‌సీని నిషేధించింది. అణువు ఆకారం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న మాత్రమే కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

పాత విజయం పట్టుకుని కూర్చోలేదు

సైక్లోహెక్సేన్‌తో పేరొచ్చింది కదా అని హాసెల్ అక్కడే ఆగలేదు. 1950ల్లో కొత్త దారి పట్టారు. డయాక్సేన్ అనే వలయంలో రెండు ఆక్సిజన్లుంటాయి. దాన్ని బ్రోమిన్‌తో కలిపి స్ఫటికం చేస్తే ఏమవుతుందో 1954లో చూశారు. ఒక డయాక్సేన్ ఆక్సిజన్‌కూ ఇంకో డయాక్సేన్ ఆక్సిజన్‌కూ మధ్య బ్రోమిన్ అణువు వంతెనలా నిలిచి, పొడవాటి గొలుసు తయారైంది. హాలోజన్‌కు, ఆక్సిజన్‌కు మధ్య అంత దగ్గరి ఆకర్షణ ఉంటుందని అప్పట్లో పెద్దగా అనుకోలేదు. 1970 నాటి నోబెల్ ఉపన్యాసంలో ఆయన మాట్లాడింది సైక్లోహెక్సేన్ గురించి కాదు, ఈ కొత్త ఆకర్షణల గురించే.

దాన్నే ఇప్పుడు హాలోజన్ బంధం అంటున్నాం. మందుల తయారీలో, కొత్త పదార్థాల రూపకల్పనలో దాన్ని విరివిగా వాడుతున్నారు. అంతర్జాతీయ రసాయన సంస్థ ఐయూపీఏసీ 2013లో దానికి అధికారిక నిర్వచనం ఇచ్చింది. ఆ నిర్వచనం రాసిన బృందంలో గౌతమ్ దేశిరాజు ఉన్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో దాదాపు మూడు దశాబ్దాలు స్ఫటిక శాస్త్రం మీద పనిచేసిన ప్రొఫెసర్ ఆయన.

హాసెల్ పెళ్లి చేసుకోలేదు. 1964లో రిటైరైనా కొన్నేళ్లపాటు పరిశోధన వదల్లేదు. 84వ పుట్టినరోజుకు ఆరు రోజుల ముందు, 1981 మే 11న ఓస్లోలో కన్నుమూశారు.

ఈసారి నోట్‌బుక్‌లో ఆ కుర్చీ గీసేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. నిలబడిన బంధం నిలబడినట్టు, పడుకున్నది పడుకున్నట్టు గీయండి. దాని వెనుక ఒక మనిషి పదేళ్ల పని, ఏడాదికి పైగా నిర్బంధం ఉన్నాయి.

ఈ దారిలో వెళ్లాలంటే...

* బీఎస్సీలో కెమిస్ట్రీ ఉన్నవారు ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ రాయొచ్చు. రాష్ట్ర యూనివర్సిటీలకు తెలంగాణలో సీపీగెట్, ఏపీలో పీజీసెట్ ఉన్నాయి.
* పరిశోధనకు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ జేఆర్ఎఫ్, గేట్ కెమిస్ట్రీ పేపర్ ముఖ్యం. హైదరాబాద్‌లో ఐఐసీటీ, సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర్లోనే ఉన్నాయి.
* ఒకే మందు వేర్వేరు స్ఫటిక రూపాల్లో ఉంటే కరిగే తీరు మారుతుంది. అందుకే ఫార్మా కంపెనీల ఆర్ అండ్ డీల్లో పౌడర్ ఎక్స్‌ఆర్‌డీ మీద పనిచేయగలిగినవారు కావాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఆ యంత్రం మీద అనుభవం సంపాదిస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి గట్టి విషయం ఉంటుంది.
* కేంబ్రిడ్జ్ స్ట్రక్చరల్ డేటాబేస్‌లో 10 లక్షలకు పైగా స్ఫటిక నిర్మాణాలున్నాయి. విద్యార్థుల కోసం అందులో కొంత భాగం ఉచితం. అణువును తిప్పి చూడటం అక్కడే మొదలుపెట్టొచ్చు.
* లెక్కలు, కాస్త పైథాన్ వస్తే కంప్యుటేషనల్ కెమిస్ట్రీ వైపూ వెళ్లొచ్చు. హాసెల్ చేత్తో చేసిన లెక్కల్ని ఇప్పుడు ల్యాప్‌టాప్ చేసిపెడుతుంది. ఏ ప్రశ్న వేయాలో తేల్చుకోవాల్సింది మాత్రం మీరే.