ఖాతూన్ హలీమా

పిల్లలూ, గల్ఫ్ రోడ్డు మీద వెళ్తుంటే సముద్రానికి ఎదురుగా ‘అమ్రికానీ’ అనే పాత భవనం కనిపిస్తుంది కదా. ఇప్పుడు అక్కడ ఎగ్జిబిషన్లు, సంగీత కచేరీలు జరుగుతున్నాయి. ఒకప్పుడు అది అమెరికన్ మిషన్ వాళ్ల ఆసుపత్రి. ఆ మిషన్‌తో వచ్చిన ఒక లేడీ డాక్టరు కథ ఇది.

ఆవిడ పేరు ఎలినార్ కాల్వర్లీ. 1887లో అమెరికాలో పుట్టారు. పెన్సిల్వేనియాలో ఆడవాళ్ల కోసమే పెట్టిన వైద్య కళాశాలలో చదివి 1908లో డాక్టరయ్యారు. మరుసటి ఏడు పెళ్లయింది. భర్త ఎడ్విన్‌తో కలిసి అరబ్బు దేశాలకు బయల్దేరారు. ముందు కూర్చుని అరబ్బీ నేర్చుకున్నారు. (నేను వచ్చాక ఇంకా ‘షుక్రన్’ దగ్గరే ఉన్నాను!) 1912లో కువైట్ చేరారు. ఇక్కడ పనిచేసిన మొదటి లేడీ డాక్టరు ఆవిడే.

అప్పటి కువైట్ వేరు. చమురు ఇంకా బయటపడలేదు. మట్టి ఇళ్లు, ఇసుక సందులు. తాగే నీళ్లు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చేవాళ్లు. వేసవి వస్తే మగవాళ్లు ముత్యాల కోసం నెలల తరబడి సముద్రం మీదే ఉండేవాళ్లు. వాళ్లలో చాలామంది పడవ నాయకుడికి అప్పు పడ్డవాళ్లు. అప్పు తీరేదాకా ఆ పడవ వదలడానికి లేదు. తండ్రి పోతే ఆ అప్పు కొడుకు మీద పడేది. గోడలు లేవన్న మాటే గానీ, నాకైతే అది జైలులాగే అనిపిస్తుంది.

మరి ఇంట్లో ఉన్న ఆడవాళ్లకు జబ్బు చేస్తే? పరాయి మగ డాక్టరుకు చూపించుకోరు. కాన్పులన్నీ మంత్రసానుల చేతుల్లోనే. అది కూడా పెనిసిలిన్ లేని కాలం. కాన్పు తర్వాత జ్వరం వచ్చిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. డాక్టరమ్మ దగ్గరున్న ఆయుధాలు శుభ్రంగా కడుక్కున్న చేతులు, మరిగించిన నీళ్లు, కొన్ని పనిముట్లు. అంతే.

పైగా మిషన్ వాళ్లు వైద్యంతో పాటు తమ మతం గురించి చెప్పడానికి కూడా వచ్చారు. షేక్ ముబారక్ పిలిస్తేనే వచ్చినా, జనానికి అనుమానం ఉండదా? ఉంటుంది. మతం మారినవాళ్లు దాదాపు లేరు. అయినా ఆవిడ వైద్యం ఆపలేదు. షేకుల ఇళ్లకు వెళ్లారు, పేదల ఇళ్లకూ వెళ్లారు. ముగ్గురు కూతుళ్లను ఇక్కడే పెంచుతూ ఈ పనంతా చేశారు. ఇద్దరు పిల్లల లంచ్ బాక్సులకే నాకు తెల్లారిపోతుంది, ఆవిడ ఎలా చేశారో!

ఊరి ఆడవాళ్లు ఆవిడను ‘ఖాతూన్ హలీమా’ అని పిలిచేవాళ్లు. ఖాతూన్ అంటే గౌరవంగా ‘అమ్మగారు’ అన్నట్టు. హలీమా అంటే ఓర్పు గలది.

1919లో ఆడవాళ్లకోసం ప్రత్యేకంగా చిన్న ఆసుపత్రి వచ్చింది. మరుసటి ఏడు జహ్రా యుద్ధంలో గాయపడ్డవాళ్లతో మిషన్ ఆసుపత్రి నిండిపోయింది. కాల్వర్లీ కుటుంబం 1930 ప్రాంతంలో అమెరికా వెళ్లిపోయింది. ఆవిడ ఇక్కడి జ్ఞాపకాలు 1958లో పుస్తకంగా వచ్చాయి. 1968లో ఆవిడ కన్నుమూశారు.

అమ్రికానీలో ఇప్పుడు మనం చూసే ఆడవాళ్ల ఆసుపత్రి భవనం ఆవిడ వెళ్లిపోయాక, 1939లో కట్టింది.