తపాలా బిళ్ళల మహాసంగ్రాహకుడు ఫెరారీ

తపాలా బిళ్ళలు కూర్చుకొనే విద్యార్థి మిత్రులకు ఫిలిప్ ఫాన్ ఫెరారీ జీవితం తెలియజేయడం ఉచితమని మేము తలచాము.

ఆయన 1850లో పారిస్‌లో జన్మించాడు. తండ్రి ఇటలీ దేశపు జెనోవా నగరానికి చెందిన కోటీశ్వరుడు, గల్లియేరా డ్యూకు. కుమారుడు ఆ బిరుదును త్యజించాడు గాని, బాల్యంలో అంకురించిన బిళ్ళల వ్యాసంగాన్ని కడవరకు వీడలేదు. 1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు బిళ్ళ లోకంలో ఒక్కటే కానవస్తున్నది. 1873లో ఒక బడి పిల్లవాడు దానిని ఆరు షిల్లింగులకు అమ్ముకొన్నాడు. పిదప అది ఫెరారీని చేరింది. ఆకుపచ్చగా ఉండవలసి పసుపుగా అచ్చుపడిన 1855 నాటి స్వీడన్ బిళ్ళనూ ఆయన సంపాదించాడు. అడిగిన వెల ఇచ్చే దాతృత్వం వల్ల నకిలీలూ ఎన్నో వచ్చి చేరాయి. నిపుణునికి ఇది లోపమే అయినా, అంతటి సంగ్రహం మరొక వ్యక్తికి సమకూడలేదని మా అభిప్రాయం.

సంగ్రహం చెదరిపోరాదని దానిని బెర్లిన్ తపాలా ప్రదర్శనశాలకు వ్రాసియిచ్చాడు. అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. ఆయన ఆస్ట్రియా పౌరుడు. 1917లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో మరణించాడు. పారిస్‌లో ఉన్న బిళ్ళలను ఫ్రెంచి ప్రభుత్వం శత్రువుల ఆస్తిగా స్వాధీనపరచుకొని, 1921 మొదలు 1925 వరకు పద్నాలుగు వేలాలలో విక్రయించింది. వచ్చిన సొమ్ము జర్మనీ యుద్ధ పరిహారం క్రింద జమపడింది. గయానా బిళ్ళ 1922లో అమెరికా పారిశ్రామికుడు ఆర్థర్ హిండ్ పాలయింది.